రేవుల కథ: పసిబిడ్డ జ్వరానికి చైనా సరుకు

క్రితం వారం కొత్తపట్నం తవ్వకాల్లో దొరికిన చైనా పింగాణీ పెంకుల గురించి చెప్పుకున్నాం. పెంకు మట్టిలో పడితే వందల ఏళ్లయినా చెక్కుచెదరదు. కర్పూరం అట్లా కాదు, గాలికే హరించుకుపోతుంది. కస్తూరి వాసన నాలుగు తరాలు నిలవదు. ఓడల్లో పింగాణీ పక్కనే దిగిన సరుకులో చాలా భాగం తవ్వకందారుకు చిక్కకుండా పోయింది. అట్లా పోయిన వాటిలో మందు దినుసులు ముఖ్యమైనవి.

ఈ వారం వాటిలో ఒక మాత్ర వెంట నడుద్దాం. ఒళ్లు కాలిపోతూ, మగతగా పడుండి, ఉన్నట్టుండి కళ్లు తేలేసి కాళ్లూ చేతులూ కొట్టుకునే పసిబిడ్డకు సానరాయి మీద అరగదీసి, తేనెతోనో తల్లిపాలతోనో నాకించే మాత్ర అది. నెల్లూరు సీమలో అవ్వలు దాన్ని గోరోచనం మాత్ర అన్నారు, కస్తూరి మాత్ర అన్నారు. సముద్రానికి ఆవలి ఒడ్డున చైనా అవ్వల చేతిలోనూ దాదాపు అలాంటి మాత్రే ఉండేది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే తేల్చడం కష్టం. దినుసులు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయాయో మాత్రం చెప్పుకోవచ్చు. ఆ దారిలో తేలే సంగతి ఒకటుంది. రెండు తీరాల వాళ్లూ తమ పెరట్లో దొరికేదాన్ని వదిలి, అవతలి తీరం సరుకుకే మహిమ అంటగట్టారు.

రెండు కర్పూరాలు

13వ శతాబ్దంలో నెల్లూరు తెలుగు చోడుల రాజధాని. మనుమసిద్ధి కొలువు, తిక్కన మంత్రిత్వం ఆ కాలానివే. కృష్ణపట్నం అప్పటికే పేరున్న రేవు. ఆ శతాబ్దపు తమిళ శాసనంలో దాని పేరు కొల్లితుఱై, మరో పేరు గండగోపాలపట్టణం. ఇంకా ఉత్తరాన మోటుపల్లి. కాకతి గణపతిదేవుడు 1244–45లో అక్కడ వేయించిన అభయశాసనం మన తీరపు వర్తక చరిత్రకు మూలకందం. గాలివానకు ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకమీదట సుంకం తప్ప మరేదీ ముట్టుకోనని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా చెక్కించాడు. మంచిగంధం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు ఆ పట్టీలో ఉన్నాయి. కర్పూరం ఉంది, దాని పక్కనే చీనికర్పూరం విడిగా ఉంది.

ఈ రెండూ రెండు వేర్వేరు చెట్ల నుంచి వచ్చేవి. మొదటిది సుమత్రా, బోర్నియో అడవుల్లో పెద్ద మానుల బొత్తుల్లో పలుకులుగా గడ్డకట్టేది. మనం పచ్చకర్పూరం అనేది దాన్నే. రెండోది దక్షిణ చైనాలో పెరిగే చెట్టు చెక్కను ముక్కలు కొట్టి, ఉడికించి, ఆవిరి పట్టి తీసేది. ధరలో వీటి మధ్య నేలకూ నింగికీ ఉన్నంత తేడా. సుమత్రా కర్పూరం బంగారంతో సమానంగా తూగుతుందని మార్కో పోలో చెప్పాడు. గోవాలో స్థిరపడ్డ పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఒర్తా 1563లో అచ్చువేసిన గ్రంథంలో, బోర్నియో కర్పూరం ఒక పౌను ఖరీదుకు చైనా కర్పూరం ఒక క్వింటాలు వస్తుందన్నాడు.

చైనా వైద్యులు మాత్రం తమ నేలలో పుట్టే చౌక కర్పూరాన్ని పక్కనపెట్టి, జ్వరంలో మతి తప్పిన రోగికి బోర్నియో పలుకునే వాడేవారు. మంచులా చల్లనిదని దానికి పేరు. మన వైద్యుడూ మాత్రలోకి పచ్చకర్పూరాన్నే కోరుకున్నాడు.

కైఫెంగ్‌లో పిల్లల వైద్యుడు

ఇక్కడ కొంచెం వెనక్కు పోవాలి. 1077లో చోళ దేశం నుంచి 72 మంది రాయబార బృందం చైనా సోంగ్ చక్రవర్తుల రాజధాని కైఫెంగ్ చేరింది. అప్పటి చోళ చక్రవర్తి కులోత్తుంగుడు. మన రాజరాజనరేంద్రుడి కొడుకు, వేంగి బిడ్డ. నన్నయ భారతం మొదలుపెట్టింది అతని తండ్రి కొలువులోనే. 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. నెల్లూరు సీమ కూడా అతని ఏలుబడిలోదే. రాయబారులు పట్టుకెళ్లిన కానుకల్లో గాజు సామాను, ఏనుగు దంతాలు, పన్నీరు, ఇంగువ, లవంగాలు, కర్పూరం ఉన్నాయని చైనా రికార్డులు చెబుతున్నాయి. తిరుగు కానుకగా 81,800 సరాల రాగి నాణేలు ముట్టాయి. రాయబారం పేరుతో జరిగిన బేరం అది.

ఆ కానుకలు అందుకున్న చక్రవర్తి షెన్‌జుంగ్. కొన్నేళ్లకే అతని ఇంట ఒక చిన్న రాకుమారుడు ఈడ్పులతో మంచాన పడ్డాడు. ఆస్థాన వైద్యులు చేతులెత్తేశారు. అంతకుముందే ఒక రాచకూతురి బిడ్డకు జబ్బు నయం చేసిన చియెన్ యీ అనే వైద్యుణ్ణి పిలిపించారు. అతను పొయ్యి మట్టితో కాచిన కషాయం ఇచ్చాడు. బిడ్డ తేరుకున్నాడు. మట్టికి ఈడ్పు ఎట్లా తగ్గిందని చక్రవర్తి అడిగితే, మట్టి నీటిని అదుపు చేస్తుంది, నీరు సర్దుకుంటే కట్టె సర్దుకుంటుంది, అప్పుడు లోపలి గాలి దానంతట అదే ఆగుతుందని చైనావాళ్ల పంచభూతాల లెక్కలో జవాబిచ్చాడు. చక్రవర్తి మెచ్చి ఆస్థానంలో పెద్ద పదవి ఇచ్చాడు.

చియెన్ యీ బతుకే ఒక కథ. మూడేళ్లప్పుడు తండ్రి ఇల్లు విడిచి సముద్రం వైపు వెళ్లిపోయాడు. తల్లి అప్పటికే లేదు. మేనత్త పెంచింది, వైద్యుడైన ఆమె భర్త విద్య నేర్పాడు. పెద్దయ్యాక సంగతి తెలిసి ఎన్నోసార్లు వెతికి, సుమారు ముప్పై ఏళ్ల తర్వాత తండ్రిని ఇంటికి తెచ్చుకున్నాడు. పసివాడు నోరు తెరిచి బాధ చెప్పలేడు, నాడి చూద్దామంటే ఏడుస్తాడు. కాబట్టి ముఖం రంగు, కళ్లు, ఏడుపు తీరు చూసి జబ్బు కట్టాలన్నది అతని పద్ధతి. చైనాలో పిల్లల వైద్యానికి ఆద్యుడు అంటే అతనే.

అతని వైద్యాన్ని 1119లో పుస్తకంగా కూర్చినవాడు యెన్ షియావోచుంగ్. ఈయన అయిదారేళ్ల వయసులో ఉలికిపాటు జబ్బుతో చావు అంచు దాకా వెళ్లినప్పుడల్లా చియెన్ యీ చేతి మందుతోనే బతికాడు. ఆ సంగతి తనే ముందుమాటలో చెప్పుకున్నాడు. రోగి పెద్దవాడై వైద్యుడి పుస్తకం వేయడం ఏ దేశంలోనైనా అరుదు.

వెళ్లింది వెదురుప్పు

ఆ పుస్తకంలో బావోలుంగ్ వాన్ అనే మాత్ర ఉంది. పిల్లలకు ఒళ్లు కాగుతూ మగతగా పడుండటం, ఊపిరి బరువుగా తీయడం, కఫం అడ్డుపడటం, ఉలికిపడి ఈడ్పులు రావడం, వీటికి వాడమన్నాడు. దినుసులు అయిదు: కంద జాతి దుంప ఒకటి, మణిశిల, ఇంగిలీకం, కస్తూరి, తియెన్‌చు హువాంగ్.

ఈ చివరిది మనదే. వెదురు కణుపుల్లో ఊరిన నీరు ఎండి, తెల్లటి పలుకుగా మిగిలే వెదురుప్పు. సంస్కృతంలో వంశలోచనం. 973–974లో సోంగ్ ప్రభుత్వం తయారుచేయించిన ఔషధ గ్రంథం, ఇది భారతదేశంలో పుడుతుందని, పసిపిల్లల ఉలికిపాటుకూ ఈడ్పులకూ మందని రాసింది. చైనాలో వెదురుకు కొదవా? అయినా జ్వరం మాత్రలోకి దూరదేశపు వెదురు పలుకే మేలనుకున్నారు.

వెదురుప్పుతో పాటు మరొకటి కూడా అటు వెళ్లింది. రావణాసురుడి పేర చలామణీ అయిన చిన్న బాలచికిత్స గ్రంథాన్ని 10వ శతాబ్దం చివర ఫాషియెన్ అనే భిక్షువు కైఫెంగ్‌లో చైనా భాషలోకి తెచ్చాడు. పన్నెండు మంది మాతృకలు పసివాళ్లను పట్టి పీడిస్తారని, పుట్టిన మొదటి రోజు, మొదటి నెల, మొదటి ఏడు మొదలు పన్నెండు దాకా ఒక్కో దశలో ఒక్కొక్కరు పడతారని అందులో ఉంది. బిడ్డకు జ్వరం తగలడం, పాలు మానడం, ఉలికిపడి ఏడవడం ఆ పట్టు లక్షణాలు. బలి, ధూపం, స్నానం వాటికి విరుగుడు. మన పల్లెల్లో బాలగ్రహం అన్నప్పుడు జరిగే తంతు ఇంతకంటే వేరు కాదు. ఫ్రెంచి పండితుడు ఝాఁ ఫిలియోజా 1937లో ఈ గ్రంథాన్ని పలు భాషల ప్రతులతో సరిచూసి అచ్చువేశాడు. మనకు పదితలల విలన్ అయినవాడు పొరుగుదేశంలో పిల్లల వైద్యుడిగా పుస్తకానికెక్కాడన్న మాట.

వచ్చింది ఇంగిలీకం

ఇప్పుడు మన మాత్ర విప్పి చూద్దాం. ఇంటింటికీ, వైద్యుడు వైద్యుడికీ పాళ్లు మారతాయి. మూలం మాత్రం ఇది: గోరోచనం, కస్తూరి, పచ్చకర్పూరం, ఇంగిలీకం, వాటికి తోడు కుంకుమపువ్వు, జాజికాయ లాంటివి. ఆయుర్వేదంలో జ్వరానికి చెప్పిన కస్తూరీభైరవ రసంలో ఇంగిలీకం, నాభి, వెలిగారం, జాపత్రి, మిరియాలు, పిప్పళ్లు, కస్తూరి ఉంటాయి. మన వైద్యగ్రంథం బసవరాజీయం నిండా ఇలాంటి రసౌషధాలే.

వీటిలో నెల్లూరు గడ్డ మీద పుట్టేవి ఎన్ని? కస్తూరి హిమాలయాల్లో, టిబెట్టులో, చైనా పడమటి కొండల్లో తిరిగే జింక బొడ్డు దగ్గరి తిత్తి. నాభి హిమాలయపు వేరు. కర్పూరం సంగతి చెప్పుకున్నాం. జాజికాయ, జాపత్రి మలుకు దీవులవి. ఇంగిలీకం పాదరసపు గంధక ఖనిజం. మన దేశంలో చెప్పుకోదగ్గ పాదరసం గనులు లేవు. అంటే రసవైద్యమనే మహా సౌధమంతా ఓడల్లో వచ్చిన సరుకు మీద నిలబడింది. ఆ సరుకు పంపిన దేశాల్లో చైనా ఒకటి.

17వ శతాబ్దంలో ఈ దారి ఇంకా వెడల్పయింది. డచ్చివాళ్లు పులికాట్‌లో 1613లో గెల్డ్రియా కోట కట్టారు. ఇంగ్లీషువాళ్లు 1626లో దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్ స్థావరం వేశారు. బటావియా నుంచి కోరమాండల్ తీరానికి వచ్చే డచ్చి ఓడల్లో చైనా సరుకు వరసగా దిగేది: పాదరసం, ఇంగిలీకం, పటిక, కర్పూరం, పిరంగిచెక్క. ఆ ఓడలు తిరిగి వెళ్లేటప్పుడు మన బట్టలు నింపుకునేవి. 1813లో మద్రాసులో వైట్‌లా ఐన్‌స్లీ అచ్చువేసిన హిందూస్థాన్ ఔషధ గ్రంథం బజారు దినుసులకు తమిళం, తెలుగు, దక్కనీ పేర్లు పక్కపక్కనే ఇస్తుంది. ఇలాంటి దూరపు సరుకు అప్పటికి అంగట్లో పాత కాపే.

గోరోచనం ఒక్కటే చేతికందేది. ఆవు, ఎద్దు పిత్తాశయంలో పేరుకునే రాయి అది. అయితే వందల పశువుల్లో ఏ ఒక్కదానికో ఉంటుంది. చైనా వైద్యానికీ ఇది తలమానికం. వు జూథుంగ్ అనే వైద్యుడు 18వ శతాబ్దం చివర రాసిన జ్వరాల గ్రంథంలో, తీవ్ర జ్వరంతో స్పృహ తప్పినవాళ్లకు చెప్పిన మాత్రలో గోరోచనం, కస్తూరి, బోర్నియో కర్పూరం, ఇంగిలీకం, మణిశిల, ముత్యం, ఖడ్గమృగం కొమ్ము ఉన్నాయి. మన కస్తూరి గోరోచనం మాత్రను దాని పక్కన పెడితే సగం దినుసులు కలుస్తాయి. ఇటీవలి ఏళ్లలో కూడా మేలైన గోరోచనం అంతర్జాతీయ బజారులో తూకానికి తూకం బంగారాన్ని మించి పలికింది.

మాత్ర మీద గురి ఎట్లా కుదిరింది

ఇంత ఖరీదైన మందు పనిచేయకపోతే వెయ్యేళ్లు ఎట్లా నిలిచింది? జబ్బు స్వభావంలోనే జవాబుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో కొందరికి జ్వరం పెరిగేటప్పుడు ఈడ్పులు వస్తాయి. చూసేవాళ్లకు బిడ్డ చేజారినట్టే ఉంటుంది. కానీ వాటిలో చాలా భాగం కొద్ది నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. బిడ్డ కాసేపు నిద్రపోయి లేచి పాలు తాగుతుంది. ఈలోగా అవ్వ మాత్ర అరగదీసింది, నాలుక మీద రాసింది. ఈడ్పు ఆగింది. మహిమ మాత్రదే అయింది. కైఫెంగ్‌లో పొయ్యిమట్టి కషాయానికి వచ్చిన పేరులోనూ ఎంత కషాయానిదో, ఎంత కాలానిదో చెప్పడం కష్టం.

ఆగని ఈడ్పులూ ఉంటాయి. మెదడువాపు, మెదడు పొరల జ్వరం, మెదడుకెక్కిన మలేరియా. ఆ బిడ్డలు మాత్ర వేసినా దక్కలేదు. వాళ్ల చావు మాత్ర ఖాతాలో పడలేదు, గ్రహం ఖాతాలో పడింది. బతికినవాళ్లు మందుకూ, పోయినవాళ్లు విధికీ జమపడే లెక్కలో ఏ మందూ ఓడిపోదు.

పైగా నష్టం కంటికి ఆనేది కాదు. ఇంగిలీకం నీళ్లలో కరగదు కాబట్టి ఒక్క మోతాదుకు ఏమీ కాలేదనిపిస్తుంది. పదేపదే ఇస్తే పాదరసం ఒంట్లో పేరుకుని మూత్రపిండాలనూ నరాలనూ తింటుంది. మణిశిలలో ఉన్నది పాషాణం. నాభి నేరుగా గుండెను దెబ్బతీసే విషం. కర్పూరం ఎక్కువైతే పసివాళ్లకు అదే ఈడ్పులు తెప్పిస్తుంది. ఈడ్పు వచ్చిన బిడ్డ నోట్లో ఏ మందు పోసినా ఊపిరి గొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే ఇవాళ వైద్యులు నోట్లో ఏదీ పెట్టకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టమంటారు, వెంటనే ఆసుపత్రికి తెమ్మంటారు. ఇక కస్తూరి జింక మన 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉంది. ఖడ్గమృగం కొమ్మును చైనా 1993లో నిషేధించింది. అసలు దినుసులతో ఆ మాత్రలు చేయడం ఇప్పుడు చట్టం ఒప్పే పని కాదు.

లెక్క మొదలైన చోట

దినుసులో నిజంగా ఏముందని అడగడం మన తీరంలోనే ఒకసారి మొదలైంది. విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ వెదురుప్పు మీద వివరంగా రాసి లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. అది 1790లో అచ్చయింది. అతను పంపిన నమూనాలను ఒక కుర్ర రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షించి 1791లో ఫలితం చదివాడు. తర్వాతి కాలంలో అతని ఆస్తితోనే వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ సంస్థ వెలిసింది. పేరు జేమ్స్ స్మిత్‌సన్. అతను తేల్చింది ఏమిటంటే, చైనా పిల్లల మాత్రలో తలమీద పెట్టుకున్న ఆ వెదురు పలుకు దాదాపు ఇసుకలో ఉండే పదార్థమే. సిలికా.

జ్వరాల సంగతిలోనూ తెలుగు నేలకు ఒక తేదీ ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ కాలంలోనే జ్వరం అనే ఒక్క పేరు కింద ఉన్న జబ్బులు విడివిడిగా తెలియసాగాయి. ఈ జ్వరానికి ఈ క్రిమి, ఈ క్రిమికి ఈ మందు అని అడగడం కుదిరింది.

ఆ ప్రశ్నతో చైనా తన పాత పుస్తకాల దగ్గరికే తిరిగి వెళ్లింది. వియత్నాం యుద్ధంలో సైనికులు మలేరియాతో రాలిపోతుంటే 1967 మే 23న ఒక రహస్య పథకం మొదలుపెట్టింది. తేదీనే పేరు చేసి 523 పథకం అన్నారు. 1969లో అందులో చేరిన తు యూయూ వందల మూలికల యోగాలు వడగట్టింది. చింగ్ హావ్ అనే మొక్క ఒకసారి పనిచేస్తుంది, మరోసారి చేయదు. 4వ శతాబ్దపు వైద్యుడు గె హుంగ్ దాన్ని కాచమనలేదు, నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమన్నాడు. వేడికి గుణం చెడుతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబర్ 4న 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిమిని పూర్తిగా తుడిచిపెట్టింది. 1972లో ముందు తానూ సహచరులూ మింగి చూసుకుని, ఆ తర్వాతే హైనాన్ దీవిలో 21 మంది రోగులకు ఇచ్చారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

పిల్లల దగ్గర లెక్క మళ్లీ విడిగా వేశారు. పెద్దలకు పనిచేసింది కాబట్టి పిల్లలకూ చేస్తుందని ఊరుకోలేదు. ఆఫ్రికాలోని తొమ్మిది దేశాల్లో తీవ్ర మలేరియాతో వచ్చిన 5,425 మంది పిల్లల్లో సగం మందికి క్వినైన్, సగం మందికి ఈ మొక్క నుంచి వచ్చిన ఆర్టెసునేట్ ఇంజక్షన్ ఇచ్చారు. 2010లో ఫలితం వెలువడింది. క్వినైన్ తీసుకున్నవాళ్లలో 10.9 శాతం, ఆర్టెసునేట్ తీసుకున్నవాళ్లలో 8.5 శాతం చనిపోయారు. తేడా చిన్నగా కనిపిస్తుంది. వంద మంది తల్లుల్లో ఇద్దరు ముగ్గురికి బిడ్డ దక్కిందని దాని అర్థం. ఈ లెక్కలో పోయినవాళ్లను కూడా మందు ఖాతాలోనే రాశారు. వెయ్యేళ్ల మాత్రల చరిత్రలో లేనిది అదే.

ఇవాళ నెల్లూరు తీరంలో బిడ్డకు తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా వస్తే ప్రభుత్వాసుపత్రిలో ఎక్కించేది ఆ చైనా మొక్క నుంచి వచ్చిన మందే. ఆ మొక్క ఏ కొండ జింక కడుపులోనూ, ఏ దీవి మాను బొత్తలోనూ దాగినది కాదు. చైనాలో పొలం గట్ల మీద మొలిచే కలుపు. మనం వినాయక చవితికి పత్రిలో వేసే మాచిపత్రికి దగ్గరి చుట్టం. రెండు తీరాల రాజులూ, వర్తకులూ, వైద్యులూ బంగారం పోసి తెప్పించుకున్న కస్తూరీ కర్పూరాలు జ్వరాన్ని గెలవలేదు. కాళ్ల కింద పడుండే ఆకును ఎవరో ఓపిగ్గా నానబెట్టి, కొలిచి, ఎంతమంది బతికారో ఎంతమంది పోయారో రెండూ రాసిపెట్టాకే ఆ పని జరిగింది.

(వచ్చే వారం: చిరువేరు ఎరుపు – శ్రీహరికోట అడవిలో యానాదులు తవ్విన వేరు, పులికాట్ అద్దకాల రంగు)